రొమ్ములో గడ్డ, మన వాయిదాలు: బరంపురం వైపు తెలుగు ఆడవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టరుని కాదు. ఒడిశాలోని బరంపురంలో పుట్టి పెరిగినదాన్ని. ఎనిమిదేళ్ల కిందట మా పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు ఆవిడ వెంట ఆసుపత్రుల చుట్టూ తిరిగాను. అప్పటి నుంచి మా వీధి వాళ్లు, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్న చుట్టాలు, చుట్టాల చుట్టాలు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు, ఎప్పుడూ అవే సందేహాలు. సగం మంది గొంతు తగ్గించి అడుగుతారు, పక్క గదిలో ఎవరో ఉంటారు కాబట్టి. అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. మీ ఒంటి విషయంలో ఆఖరి మాట మాత్రం మిమ్మల్ని చేత్తో పరీక్షించిన డాక్టరుదే.

## ఏ తేడా లేనప్పుడు

నాకు నొప్పి లేదు, గడ్డ లేదు. ఊరికే పోయి పరీక్ష ఎందుకు చేయించుకోవాలి?

ఏమీ లేనప్పుడు చేయించుకునేదాన్నే స్క్రీనింగ్ అంటారు. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, జ్వరం తెప్పించదు, ఆకలి తగ్గించదు, అందుకే మనకి తెలిసేసరికి ఆలస్యం అయిపోతోంది. మన దేశంలో ఆడవాళ్లకి వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే: 2022లో కొత్తగా సుమారు 1,92,000 మందికి వచ్చిందని, సుమారు 98,000 మంది దీనితో చనిపోయారని అంచనా. దేశంలోని 11 క్యాన్సర్ రిజిస్ట్రీల (రోగుల వివరాలు నమోదు చేసే కేంద్రాల) లెక్క ఇంకొకటి ఉంది, నేను అందరికీ ముందు అదే చెబుతాను. జబ్బు రొమ్ములోనే ఉండగా దొరికినవాళ్లలో ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు నూటికి సుమారు 81 మంది. చంకలోని గ్రంథుల దాకా వెళ్లాక దొరికితే సుమారు 65. ఎముకలకో, కాలేయానికో, ఊపిరితిత్తులకో పాకాక దొరికితే 18. జబ్బు ఒకటే, దొరికిన రోజును బట్టి ఇంత తేడా.

ఎన్నో ఏట నుంచి మొదలుపెట్టాలి?

మన ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల వరకు ప్రతి ఆడమనిషికీ ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన నర్సు గానీ డాక్టరు గానీ చేత్తో రొమ్ములు పరీక్షించాలి, అనుమానం వస్తే పై ఆసుపత్రికి పంపాలి. మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) సంగతి దేశానికో తీరుగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 50 నుంచి 69 మధ్య రెండేళ్లకోసారి అంటుంది, అమెరికాలో 2024 నుంచి 40 నుంచి 74 వరకు రెండేళ్లకోసారి అంటున్నారు. మన దగ్గర ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకంటే ఓ పదేళ్లు ముందుగానే కనపడుతోంది కాబట్టి, 40 నిండగానే ఒకసారి డాక్టరుతో మాట్లాడి మీకు ఎప్పుడెప్పుడు కావాలో తేల్చుకోండి, 50 దాటాక మాత్రం ఇక వదలొద్దు అని నేను చెబుతాను.

ఆశా దీదీ వచ్చి కాగితం నింపుకుని వెళ్లింది. నా పరీక్ష అయిపోయినట్టేనా?

కాలేదు. ఆవిడ నింపుకుని వెళ్లింది వయసు, పొగాకు అలవాటు, ఇంట్లో ఎవరికైనా జబ్బులున్నాయా లాంటి ప్రశ్నల పత్రం. పరీక్ష చేసేది సబ్ సెంటర్‌లో, ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని బోర్డు పెట్టారు కదా, అక్కడ. బీపీ, షుగర్ చూసి పంపేస్తుంటే "రొమ్ము పరీక్ష కూడా చెయ్యండమ్మా" అని మీరే నోరు తెరిచి అడగండి. అడిగితే చేస్తారు, అడగకపోతే రద్దీలో మర్చిపోతారు.

చేత్తో తడిమి చూస్తే ఏం తెలుస్తుంది? మెషీన్ ఉంటేనే కదా?

తెలుస్తుంది. దీని మీద ముంబయిలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు పరిశీలన చేశారు. 35 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు, మొత్తం లక్షా యాభై వేల మంది పైనే. సగం మందికి రెండేళ్లకోసారి శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు చేత్తో పరీక్ష చేశారు. వాళ్లెవరూ డాక్టర్లు కారు, మన ఏఎన్ఎం నర్సుల లాంటి వాళ్లే. 2021లో ఫలితాలు వచ్చాయి. పరీక్ష చేయించుకున్నవాళ్లలో జబ్బు ముందు దశలోనే దొరికింది, 50 దాటినవాళ్లలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపు వాళ్లలో చావుల లెక్కలో ఆ తేడా కనపడలేదు, అది కూడా చెప్పాలి. మామోగ్రామ్ మెషీన్ అందుబాటులో లేని గుణుపురం, మోహన లాంటి చోట్ల ఉన్నవాళ్లు "మనకి మెషీన్ లేదు, ఇంకేం చేస్తాం" అని కూర్చోవద్దు.

ఇంట్లో నా అంతట నేను చూసుకుంటే సరిపోదా?

చూసుకోవడం మంచిదే, దానితో సరిపెట్టుకోవద్దు. చైనాలో షాంఘై బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,000 మంది ఆడవాళ్లతో పెద్ద పరిశోధన చేశారు, సగం మందికి నెలనెలా సొంతంగా పరీక్షించుకోవడం నేర్పించారు. 2002లో లెక్క చూస్తే చావులు తగ్గలేదు, క్యాన్సర్ కాని గడ్డల కోసం ఆసుపత్రికి వెళ్లినవాళ్లు పెరిగారు. అందుకే ఇప్పుడు తేదీ పెట్టుకుని, లెక్క ప్రకారం తడుముకోమని గట్టిగా చెప్పడం లేదు. మీ రొమ్ములు మామూలుగా ఎలా ఉంటాయో మీకు తెలిసి ఉండాలి, అంతే. స్నానం చేసేటప్పుడు, అద్దం ముందు చీర కట్టుకునేటప్పుడు గమనిస్తూ ఉంటే కొత్త తేడా వస్తే ఇట్టే పట్టేస్తారు. నెలసరి వచ్చేవాళ్లు అది ఆగిపోయిన నాలుగైదు రోజులకి చూసుకోండి, అప్పుడు రొమ్ములు మెత్తగా ఉంటాయి.

మా వంశంలో ఎవరికీ లేదు. నాకెందుకు వస్తుంది?

ఈ జబ్బు వచ్చిన చాలామంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ లేదు. తరతరాలుగా జన్యువుల వల్ల వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. ఆడపుట్టుక, పెరిగే వయసు, ఈ రెండే అన్నిటికంటే పెద్ద కారణాలు. చిన్నప్పుడే రజస్వల కావడం, ఆలస్యంగా ముట్లుడగడం, మొదటి కాన్పు 30 దాటాక కావడం, ముట్లుడిగాక ఒళ్లు చేయడం, మద్యం, ఇవి కొంత పెంచుతాయి. బ్రా రంగు, బిగుతు, ఎప్పుడో తగిలిన దెబ్బ, వీటికి సంబంధం లేదు.

ముగ్గురు పిల్లలకి పాలిచ్చాను. పాలిచ్చినవాళ్లకి రాదంటారు కదా?

తగ్గుతుంది, రాదని కాదు. 30 దేశాల్లో చేసిన 47 అధ్యయనాలను కలిపి 2002లో లెక్క తీస్తే, మొత్తం మీద పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ ముప్పు సుమారు 4.3 శాతం తగ్గింది. మా పెద్దమ్మ నలుగురికి పాలిచ్చింది.

బ్లడ్ టెస్ట్‌తో తెలిసిపోతుందంట, ల్యాబ్ వాళ్లు ప్యాకేజీ అంటున్నారు?

రొమ్ము క్యాన్సర్‌ని ముందుగా పట్టుకోవడానికి నమ్మదగ్గ రక్త పరీక్ష ఇప్పటికైతే లేదు. సీఏ 15-3 అనే పరీక్ష జబ్బు ఉందని తేలినవాళ్లలో కొందరికి చేస్తారు, మొదటి దశలో అది చాలాసార్లు మామూలుగానే వస్తుంది. ఆ మామూలు రిపోర్ట్ చూసి ధైర్యంగా ఉండిపోతారని నా భయం. ఆ డబ్బు మామోగ్రామ్‌కి పెట్టండి.

## ఏదో తేడా అనిపించినప్పుడు

గడ్డ తగులుతోంది కానీ నొప్పి లేదు. కొన్నాళ్లు చూద్దామా?

చూడొద్దు. నొప్పి లేకపోతే మంచిదే అనుకోవడం మన ఇళ్లలో ఎంత పాతుకుపోయిందంటే, మా పెద్దమ్మ కూడా అదే అనుకుంది. ఎడమ రొమ్ములో చంక వైపు పైన చింతగింజ అంత గడ్డ, గట్టిగా, కదలకుండా. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత దగ్గర్లో ఒక క్లినిక్‌లో చూపిస్తే జాకెట్టు మీద నుంచే చూసి కొవ్వు గడ్డ అన్నారు, మాత్రలు ఇచ్చారు. ఆ తర్వాత చిన్నకూతురి పెళ్లి వచ్చింది. మొత్తం పదకొండు నెలలు. పరీక్ష చేసేసరికి చంకలో గ్రంథులకి పాకేసింది. వైద్యం అంతా చేయించాం, మూడేళ్లే ఉంది.

ఇదంతా మిమ్మల్ని హడలగొట్టడానికి రాయలేదు. పది గడ్డల్లో ఎనిమిదో తొమ్మిదో క్యాన్సర్ కావు, నీటి తిత్తులు, ఫైబ్రోఅడినోమాలు, హార్మోన్ల వల్ల వచ్చే గట్టితనాలు, ఇలాంటివే ఎక్కువ. కానీ ఏది ఏదో చేత్తో పట్టుకుని మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. కొత్త గడ్డ తగిలితే ఒకటి రెండు వారాల్లో సర్జన్‌కి చూపించేయండి. చూసినాయన బట్ట తీసి పరీక్షించకుండా, స్కాన్ రాయకుండా ఏం కాదు అంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

నొప్పి ఉంది, గడ్డ లేదు. మగ్గం మీద కూర్చుంటాం, దానివల్లేనా?

అయి ఉండవచ్చు. రోజంతా మగ్గం మీద చేతులు ఆడించేవాళ్లకి, అప్పడాల పిండి దంచి ఒత్తేవాళ్లకి ఛాతీ కండరాలు లాగుతాయి, ఆ నొప్పి రొమ్ములో ఉన్నట్టే అనిపిస్తుంది. నెలసరికి ముందు రెండువైపులా వచ్చి తర్వాత తగ్గిపోయేది హార్మోన్ల నొప్పి. ఒకేవైపు, ఒకేచోట, నెల దాటినా తగ్గకుండా ఉంటే చూపించండి.

గడ్డ కాకుండా ఇంకేం గమనించాలి?

చర్మం ఒకచోట లోపలికి గుంట పడటం, కమలాపండు తొక్కలా గరుకుగా చిన్నచిన్న గుంటలతో మారడం, ఎర్రగా వేడిగా వాయడం. ఎప్పుడూ బయటికి ఉండే చనుమొన కొత్తగా లోపలికి పోవడం (పుట్టినప్పటి నుంచి అలాగే ఉంటే భయం లేదు). పిండకుండానే ఒకవైపు నుంచి రక్తంలా గానీ నీళ్లలా గానీ కారడం. చనుమొన మీద తామరలా పొక్కులు కట్టి మందు రాసినా మానకపోవడం. చంకలో గడ్డ. ఒక రొమ్ము ఆకారం ఉన్నట్టుండి మారడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెళ్లాలి, అన్నీ కలిసి వచ్చేదాకా ఆగకూడదు.

పాలిస్తున్న కోడలికి గడ్డ కట్టింది. మా అత్తగారు పాలగడ్డే అంటున్నారు?

చాలావరకు అదే అవుతుంది. వేడినీళ్ల కాపడం పెట్టి, బిడ్డకి పట్టిస్తూ ఉంటే రెండు మూడు రోజుల్లో కరిగిపోవాలి. రెండు వారాలైనా అలాగే ఉంటే అల్ట్రాసౌండ్ చేయించాలి, పాలిచ్చే తల్లికి గానీ బిడ్డకి గానీ దానివల్ల ఏ హానీ లేదు, పాలు మాన్పించక్కర్లేదు. ఎర్రగా వాచి యాంటీబయాటిక్ ఇచ్చినా వారం పది రోజుల్లో తగ్గలేదంటే ఇంకో కోర్సు, ఇంకో కోర్సు అంటూ లాగకుండా ముక్క పరీక్ష గురించి అడగండి. అరుదుగానైనా వాపులా కనపడే క్యాన్సర్ రకం ఒకటి ఉంది, అది వేగంగా పెరుగుతుంది.

అమ్మాయికి 22 ఏళ్లు, గడ్డ ఉంది. పెళ్లి సంబంధాలు చూస్తున్నాం, బయటికి తెలిస్తే?

ఈ వయసులో గడ్డలు ఎక్కువగా ఫైబ్రోఅడినోమాలే, పట్టుకుంటే గోళీలా జారిపోతుంటాయి, క్యాన్సర్ కావు. అల్ట్రాసౌండ్ చేస్తారు, అవసరమైతే సూది పరీక్ష. చిన్నదైతే తీయకుండా వదిలేస్తారు కూడా. మీ ఊళ్లో తెలిసిపోతుందని భయమైతే పక్క ఊళ్లో చూపించండి, కానీ చూపించండి. ఆ పిల్ల రాత్రిళ్లు ఫోన్‌లో వెతుక్కుంటూ ఒక్కతే ఎంత టెన్షన్ పడుతోందో ఆలోచించండి.

పెళ్లి అయ్యాక, ఠాకురాణి యాత్ర (బరంపురం అమ్మవారి జాతర) అయ్యాక వెళ్తే తేడా ఏమిటి?

రెండు వారాల తేడా ఏమీ కాదు. కానీ మన ఇళ్లలో యాత్ర తర్వాత పెళ్లి, పెళ్లి తర్వాత కాన్పు, కాన్పు తర్వాత పొలం పని వస్తాయి. గడ్డ కనపడిన మూడు నెలల్లోపు వైద్యం మొదలైనవాళ్లకంటే అది దాటినవాళ్ల పరిస్థితి బాగుండదని ఎన్నో దేశాల్లో చూశారు. మా పెద్దమ్మ కూతురు ఇప్పటికీ అంటుంది, పెళ్లి ఆరు నెలలు ఆపుకునేవాళ్లం కదా, ఒక్క మాట చెప్పి ఉంటే, అని.

ఆకు పసరు కట్టు కడితే కరిగిపోతుందంటున్నారు?

కట్టుకి కరిగినట్టు అనిపించినవి వాటంతట అవే తగ్గే నీటి తిత్తులో, చీము గడ్డలో అయి ఉంటాయి. క్యాన్సర్ గడ్డ కట్టుకి కరగదు, పైగా కాల్చే మందులు పెడితే చర్మం పుండు పడి ఆపరేషన్ కష్టమవుతుంది. ముందు గడ్డ ఏమిటో తేల్చుకోండి.

మగ డాక్టరు ముందు బట్ట తీయాలంటే ప్రాణం పోయినట్టుంటుంది

అర్థమవుతుంది, నాకూ అలాగే ఉంటుంది. గదిలో ఇంకో ఆడమనిషి, నర్సు గానీ మీ తోడు గానీ ఉండాలని అడిగే హక్కు మీకుంది. "సిస్టర్‌ని పిలవండి" అనండి చాలు. లేడీ డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కుని ఆ రోజు వెళ్లండి, గైనకాలజిస్టులు కూడా రొమ్ము పరీక్ష చేసి సర్జన్‌కి పంపుతారు. లేడీ డాక్టరు దొరికేదాకా అని నెలలు మాత్రం ఆగొద్దు.

నాకు ఒడియా సరిగ్గా రాదు. అక్కడ ఎలా చెప్పుకోవాలి?

బరంపురం, పర్లాకిమిడిలో తెలుగు వచ్చినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, కటక్, భువనేశ్వర్ వెళ్తేనే ఇబ్బంది. "ఛాతిరె గొటె గాంఠి అఛి" అంటే ఛాతీలో ఒక గడ్డ ఉంది అని. ఇదొక్కటి నేర్చుకోండి. మిగతావన్నీ, గడ్డ ఎప్పుడు కనపడింది, పెరిగిందా, ఆఖరి నెలసరి ఎప్పుడు, వాడే మందులు, చదువుకునే పిల్లల చేత ఒక కాగితం మీద రాయించుకుని పట్టుకెళ్లండి. ఓపీలో మనకి దొరికేది మూడు నిమిషాలు, ఆ మూడు నిమిషాల్లో భయంతో అన్నీ మర్చిపోతాం.

మగవాళ్లకి కూడా వస్తుందా?

వస్తుంది, వంద రొమ్ము క్యాన్సర్లలో సుమారు ఒకటి మగవాళ్లది. చనుమొన కింద గట్టిగా గడ్డ తగిలితే మా ఆయనైనా మీ ఆయనైనా చూపించుకోవాల్సిందే.

## పరీక్షల దగ్గర

మామోగ్రామ్ చాలా నొప్పంట, నిజమేనా?

రొమ్ముని రెండు పలకల మధ్య పెట్టి నొక్కి ఎక్స్‌రే తీస్తారు. ఒక్కో వైపు రెండు చొప్పున మొత్తం నాలుగు ఫొటోలు, నొక్కి ఉంచేది కొన్ని సెకన్లు, అంతా కలిపి పావుగంట. కొందరికి ఇబ్బందిగా ఉంటుంది, కొందరికి నొప్పే ఉంటుంది, అబద్ధం చెప్పను. నెలసరి మొదలైన వారానికి వెళ్తే తక్కువ తెలుస్తుంది. ఆ రోజు చంకల్లో పౌడరు, సెంటు, డియోడరెంట్ వేసుకోవద్దు, అవి ఫొటోలో తెల్ల చుక్కల్లా పడి లేనిపోని అనుమానం తెస్తాయి. జాకెట్టు ఒక్కటే తీస్తే సరిపోయేలా చీరలోనో, పైన టాప్ వేరుగా ఉండే బట్టల్లోనో వెళ్లండి. పాత ఫొటోలు ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి, పోల్చి చూస్తారు.

ఆ ఎక్స్‌రే వల్లే క్యాన్సర్ వస్తుందేమో?

ఒక మామోగ్రామ్‌లో పడే రేడియేషన్ సుమారు 0.4 మిల్లీసీవర్ట్. నేల నుంచి, ఆకాశం నుంచి మనందరి మీదా ఎలాగూ పడే రేడియేషన్ ఏడు వారాలకి దాదాపు అంతే ఉంటుంది. 40 దాటినవాళ్లకి దీనివల్ల వచ్చే లాభం ముందు ఆ ముప్పు చాలా చిన్నది.

అల్ట్రాసౌండ్ చేయించాను. మళ్లీ మామోగ్రామ్ ఎందుకు రాశారు?

రెండూ వేరు వేరు సంగతులు చూపిస్తాయి. గడ్డలో నీరుందా, కండ ఉందా అనేది అల్ట్రాసౌండ్‌లో బాగా తెలుస్తుంది. ఇసుక రేణువుల్లాంటి సున్నపు చుక్కలు, చేతికి తగలని దశలోవి, మామోగ్రామ్‌లోనే కనపడతాయి. వయసులో ఉన్నవాళ్ల రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో అంతా తెల్లగా కనపడి గడ్డ దాక్కుంటుంది, అందుకని 30 లోపు వాళ్లకి మొదట అల్ట్రాసౌండ్ చేస్తారు. ఒకటి ముఖ్యం: చేతికి గడ్డ తగులుతూ ఉంటే, మామోగ్రామ్ మామూలుగా వచ్చినా వదిలేయకూడదు. మామోగ్రామ్ కొన్నిటిని పట్టుకోలేదు.

రిపోర్ట్‌లో బైరాడ్స్ 4 అని ఉంది. నాలుగో స్టేజీనా?

అయ్యో, కాదు! ఈ ఒక్క ప్రశ్నకి అర్ధరాత్రి ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్లున్నారు. బైరాడ్స్ అనేది ఫొటో చూసిన డాక్టరు వేసే అనుమానం నంబరు. 0 అంటే ఇంకా ఫొటోలు కావాలి. 1, 2 అంటే భయపడేది లేదు. 3 అంటే దాదాపుగా మంచిదే, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు కంటే మించదు, ఆరు నెలలకి మళ్లీ చూడాలి. 4 అంటే అనుమానం ఉంది, ముక్క తీసి చూడాలి, వాటిలో చాలావి క్యాన్సర్ కాదనే తేలతాయి. 5 అంటే గట్టి అనుమానం, నూటికి 95 పైన. 6 అంటే ముందే బయాప్సీలో (ముక్క పరీక్షలో) తేలిన జబ్బు. స్టేజీ అనేది జబ్బు ఖాయమయ్యాక, గడ్డ ఎంత, ఎక్కడిదాకా పోయింది అని చూసి వేరేగా చెప్పేది.

సూది గుచ్చితే, ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందంటారు?

పాకదు. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ దీనివల్ల ఎంతమంది బయాప్సీ గది గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయారో నేను కళ్లారా చూశాను. జబ్బు ముదిరాక బయాప్సీకి వెళ్తారు, తర్వాత ఎలాగూ పాకి ఉన్నది బయటపడుతుంది, నింద సూది మీద పడుతుంది. సన్న సూదితో నీరు, కణాలు లాగేదాన్ని ఎఫ్ఎన్ఏసీ అంటారు. లావు సూదితో అగ్గిపుల్లంత ముక్కలు తీసేదాన్ని కోర్ బయాప్సీ, ట్రూకట్ అంటారు. రెండోదే ఎక్కువ వివరం ఇస్తుంది. మత్తు ఇంజక్షన్ ఇచ్చి చేస్తారు, ఆ పూటే ఇంటికి వెళ్లిపోవచ్చు.

ఒక మాట గుర్తుంచుకోండి. ఏ గడ్డో తేల్చకుండా "తీసేస్తే పోతుంది" అని చిన్న ఆసుపత్రిలో గడ్డ కోసేయించుకోవద్దు. అది క్యాన్సర్ అని తర్వాత తేలితే మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. గడ్డ కోసినా, ముక్క తీసినా దాన్ని పారేయకుండా ల్యాబ్‌కి పంపారా అని అడిగి రసీదు తీసుకోండి.

బయాప్సీ అయ్యాక ఈఆర్, పీఆర్, హెర్2 అని ఇంకో పరీక్ష రాశారు. డబ్బు గుంజడానికా?

కాదు, ఏ మందు పనిచేస్తుందో చెప్పేది అదే. ఈఆర్, పీఆర్ పాజిటివ్ అంటే ఆ గడ్డ ఆడ హార్మోన్లతో పెరుగుతోందని, దానికి మాత్రలు ఉన్నాయి. హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజక్షన్, మామూలుగా ఏడాది పాటు. మూడూ నెగటివ్ అయితే దారి వేరు. ఈ రిపోర్ట్ లేకుండా వైద్యం మొదలుపెట్టడం మంచిది కాదు.

## క్యాన్సర్ అని తేలాక

రొమ్ము మొత్తం తీసేస్తారా?

అందరికీ తీయరు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు దొరికితే గడ్డ, దాని చుట్టూ కొంచెం తీసి, రొమ్ముని ఉంచి, తర్వాత రేడియేషన్ ఇస్తారు. మనవాళ్లు "కరెంటు పెట్టడం" అంటారే, అదే. ఇటలీలో, అమెరికాలో ఇలా చేసినవాళ్లనీ మొత్తం తీసేసినవాళ్లనీ ఇరవై ఏళ్లు గమనించి 2002లో చెప్పారు, బతికి ఉండటంలో తేడా లేదని. గడ్డ పెద్దదైనా కొన్నిసార్లు ముందు కీమో (క్యాన్సర్ మందులు ఎక్కించడం) ఇచ్చి చిన్నది చేసి అప్పుడు ఆపరేషన్ చేస్తారు. సర్జన్ మొత్తం తీయాలంటే "రొమ్ము ఉంచి చేసే వీలు లేదా, ఎందుకు లేదు" అని అడగండి. అడగడం అమర్యాద కాదు.

కటక్ వెళ్లాలా, విశాఖ వెళ్లాలా?

బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, కోరాపుట్ వైపు షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది, మొదటి పరీక్షలకి అక్కడికి వెళ్లవచ్చు. క్యాన్సర్‌కే ప్రత్యేకమైనది కటక్‌లోని ఆచార్య హరిహర్ ఆసుపత్రి, భువనేశ్వర్‌లో ఎయిమ్స్ ఉంది. విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. బరంపురం నుంచి కటక్ దగ్గర. రాయగడ నుంచి అయితే పార్వతీపురం, విజయనగరం మీదుగా రైలెక్కితే విశాఖే దగ్గర, భాష కూడా మనదే. రేడియేషన్ అంటే మూడు నుంచి ఐదు వారాలు వారానికి ఐదు రోజులు వెళ్లాలి, కాబట్టి ఉండటానికి ఎవరి ఇల్లుంది, వండిపెట్టేదెవరు అని చూసుకుని ఊరు ఎంచుకోండి. సగం వైద్యం అక్కడ, సగం ఇక్కడ అని తిరిగితే మధ్యలో వారాలు పోతాయి. కీమో మాత్రం ఒడిశాలో జిల్లా కేంద్ర ఆసుపత్రుల్లోనూ ఇస్తున్నారు. పెద్ద ఆసుపత్రి రాసిచ్చిన ప్రకారం అక్కడ ఎక్కించుకునే వీలుందా అని అడగండి.

ఇచ్ఛాపురంలో మా అన్నయ్యకి ఆంధ్రా కార్డు ఉంది. దాని మీద చేయించుకోవచ్చా?

కుదరదు. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, అది ఆంధ్రాలో ఉండేవాళ్లకి. మీ పేరు ఆ ఇంటి కార్డులో లేకపోతే చెల్లదు, ఆధార్ దగ్గరే ఆగిపోతుంది. ఒడిశా వాళ్లకి 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపిన కార్డు ఉంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకి అదనంగా ఇంకో 5 లక్షలు. ఇతర రాష్ట్రాల్లో ఈ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో కూడా ఇది పనిచేస్తుంది. బయల్దేరే ముందే ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి, ఒడిశా కార్డు తీసుకుంటారా, మీకు రాసిన వైద్యం దాని కిందకి వస్తుందా అని కనుక్కోండి. ఆధార్‌లో, కార్డులో పేరు ఒకేలా ఉందో లేదో కూడా చూసుకోండి. ఒకదాంట్లో తెలుగు ఇంటిపేరు ముందు, ఒకదాంట్లో ఒడియా పద్ధతిలో వెనక, దీనివల్ల కౌంటర్ దగ్గర రోజులు రోజులు తిప్పుతారు.

రైలు ఖర్చులే తట్టుకోలేకపోతున్నాం

వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగులకి రైల్వే రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీలో రోగికి టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వచ్చే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రిలో దీనికి ఒక ఫారం ఇస్తారు, డాక్టరు సంతకం, ముద్ర వేయించి రిజర్వేషన్ కౌంటర్‌లో చూపించాలి. అడగనివాళ్లకి ఎవరూ చెప్పరు, మేము ఐదు ప్రయాణాలు పూర్తి డబ్బు పెట్టి చేశాక పక్క బెడ్ ఆవిడ చెబితే తెలిసింది.

ఇంట్లో పిల్లలకి అంటుకుంటుందా? కంచం, మంచం వేరు పెట్టాలా?

అంటుకోదు. కలిసి తినండి, మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోండి. కీమో రోజుల్లో ఆవిడకే రోగాలు త్వరగా పట్టుకుంటాయి కాబట్టి జలుబు, జ్వరం ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి, అది ఆవిడని కాపాడటానికి. పళ్లెం వేరు పెట్టిన ఇంట్లో ఆ మనిషి ఎంత కుమిలిపోతుందో చూశాను. దయచేసి అలా చేయొద్దు.

## వైద్యం అయ్యాక

ఒంట్లో బాగానే ఉంది. ఆ మాత్ర ఐదేళ్లు వేసుకోవాలా?

వేసుకోవాలి. టామాక్సిఫెన్ లాంటి హార్మోన్ మాత్రలు కనీసం ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. బాగున్నాం కదా అని రెండేళ్లకే ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. ఒళ్లు వేడెక్కడం, చెమటలు పట్టడం ఉంటాయి, అవి చెప్పుకుంటే డాక్టరు ఏదో ఒకటి చేస్తారు. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనపడితే మాత్రం వెంటనే చెప్పాలి. మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి చెకప్, ఏడాదికోసారి మామోగ్రామ్, రెండో రొమ్ముకి కూడా.

మా అమ్మకి వచ్చింది. నేనెప్పటి నుంచి చూపించుకోవాలి?

అమ్మకి గానీ అక్కచెల్లెళ్లకి గానీ వస్తే, వాళ్లకి వచ్చిన వయసు కంటే పదేళ్లు ముందు నుంచి మామోగ్రామ్ మొదలుపెట్టమంటారు, మామూలుగా 30 కంటే ముందు కాదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా, 50 లోపే వచ్చినా, అండాశయ క్యాన్సర్ కూడా ఉన్నా బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి అడగండి, వీలైతే ముందు జబ్బు వచ్చిన మనిషికే చేస్తే సంగతి స్పష్టంగా తెలుస్తుంది. మా పెద్దమ్మకి 48లో వచ్చింది, ఆవిడ ఉన్నప్పుడు ఆ పరీక్ష సంగతి మాకు తెలియదు. వాళ్ల పెద్దమ్మాయికి ఇప్పుడు 36. డాక్టరు 38కి మొదటి మామోగ్రామ్ అన్నారు. ఈలోగా ప్రతి ఏడాదీ సంక్రాంతి వెళ్లిన వారం సర్జన్ దగ్గర చేత్తో పరీక్ష చేయించుకుంటుంది, నేను తోడు వెళ్తాను, నాదీ అదే రోజు చేయించుకుంటాను.